పాత ఎక్స్‌పీ ఇంకా బతికే ఉంది

కడప,
ఆదివారం రాత్రి

చిన్నమ్మకు నాన్న ఆశీస్సులు.

ఫోనులో చెబితే సగం వినకుండానే "కొత్తది నేర్చుకో నాన్నా" అంటావని ఉత్తరం రాస్తున్నాను. షాపులోని పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ మూలన పడింది. ఫ్యాను తిరుగుతుంది, తెర వెలగదు. మదర్‌బోర్డు పోయిందట. ఏడురోడ్ల దగ్గర రిపేరు అబ్బాయి హార్డ్ డిస్క్‌ను మాత్రం బతికించి ఇచ్చాడు.

ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే యూనికోడ్‌కు మారమంటావు నువ్వు. కొత్త పనికి మారతాను, సరే. పెద్ద దర్గా ఉరుసు కరపత్రాలు, దేవుని కడప బ్రహ్మోత్సవాల పోస్టర్లు, ఊళ్లో సగం మంది శుభలేఖలు అన్నీ పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉన్నాయి కదా! ఆ ఫాంట్లు లేని చోట తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి.

అందుకే నీ ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేసి, దాని లోపల ఎక్స్‌పీ ఎక్కించాను. ఒక కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపిస్తుంది అది. 2007లో వచ్చిన సాఫ్ట్‌వేర్, ఇప్పుడు ఒరాకిల్ వాళ్లది, ఉచితమే. మొదట మొరాయించింది. ప్రాసెసర్‌లో అందుకు కావలసిన వర్చువలైజేషన్ సదుపాయం ఉన్నా బయోస్‌లో, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లో, ఆపేసి ఉంది. అది ఆన్ చేశాక దారికి వచ్చింది. ఎనిమిది జీబీ ర్యామ్‌లో ఒక్క జీబీ ఇస్తే చాలు, ఎక్స్‌పీ హాయిగా నడుస్తోంది. ఆ పాత స్వాగత సంగీతం వినిపించగానే మీ అమ్మ వంటింట్లోంచి "బాగయిందా?" అని వచ్చి, ల్యాప్‌టాప్ చూసి, ఏమీ అర్థంకాక వెళ్లిపోయింది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోనే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి దానికి ఇంటర్నెట్ ఇవ్వలేదు. నువ్వు అడుగుతావని ముందే చెబుతున్నాను.

ఇక నా ఘనకార్యం. ఎక్స్‌పీ ఆ క్షణానికి ఎలా ఉందో గుర్తుపెట్టుకునే స్నాప్‌షాట్ అంటే బ్యాకప్ అనుకున్నాను. మొన్న పొద్దున ఒక శుభలేఖ కూర్చాను. మధ్యాహ్నం ఏదో ఫాంటు ఎక్కిస్తే అంతా బిగుసుకుపోయింది. ముందురోజు తీసుకున్న స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్లాను. ఫాంటు పీడ వదిలింది, దాంతోపాటు శుభలేఖా వదిలింది! డిస్కంతా నిన్నటి స్థితికి వెళ్తే ఇవాళ్టి ఫైలు ఎక్కడుంటుంది? రాత్రి కూర్చుని మళ్లీ కొట్టాను. నిద్రమత్తులో వరుడి తాతగారి పేరు ముందు 'కీ.శే.' పడింది. మర్నాడు ప్రూఫు చూసుకోవడానికి వచ్చింది ఎవరనుకున్నావు? ఆ తాతగారే. కళ్లజోడు సవరించుకుని, వేలు ఆ రెండక్షరాల మీద పెట్టి, "తొందరపడ్డావు నాయనా" అన్నారు.

అప్పటి నుంచి ఫైళ్లన్నీ షేర్డ్ ఫోల్డర్‌లో, అంటే ఎక్స్‌పీకి బయట, ల్యాప్‌టాప్‌లోనే దాస్తున్నాను. ఎక్స్‌పీ ఎన్ని పల్టీలు కొట్టినా వాటి జోలికి రాదు. దాని డిస్కంతా కూడా ల్యాప్‌టాప్‌కు ఒక ఫోల్డర్‌లోని ఫైళ్లే: ఒక పెద్ద ఫైలు, స్నాప్‌షాట్లు తీస్తే వాటి ఫైళ్లు. ఎక్స్‌పీని షట్‌డౌన్ చేసి ఆ ఫోల్డర్ మొత్తాన్ని వేరే డిస్కులోకి కాపీ చేసుకుంటే అదే అసలైన బ్యాకప్. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు తీసుకురా, డబ్బు నేనిస్తాను. యూనికోడ్ పాఠం కూడా అప్పుడే చెబుదువుగాని.

ఆ పెళ్లికి అమ్మా నేనూ వెళ్తున్నాం. తాతగారే స్వయంగా వచ్చి పిలిచారు.

నాన్న