విస్కీలో నీళ్లు కలుపుకోవడం తెలియనితనం కాదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో మద్యపానీయాల మీద వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. ఏ పానీయం దేనితో తయారవుతుందో, దాన్ని ఎక్కడ ఎలా తాగుతారో రచయిత చక్కగానే చెప్పారు. అయితే విస్కీ దగ్గరకు వచ్చేసరికి, నీళ్లు గాని ఐసుముక్క గాని కలుపుకునేవారికి దాని రుచి తెలియదన్న ధోరణిలో రాసి, ఏమీ కలపకుండా నీట్‌గా తాగడాన్ని జాణతనానికి గుర్తుగా చూపించారు. ఈ మాట చాలామంది నోట వినిపించేదే కాబట్టి, అది ఎందుకు నిలబడదో వివరించడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా సీసాలో ఏముందో చూద్దాం. మొలకెత్తిన బార్లీని పులియబెట్టి బట్టీ పట్టగా వచ్చిన ద్రవాన్ని స్కాట్లాండులో సాధారణంగా 63 శాతం చుట్టుపక్కల ఆల్కహాల్ గాఢతతో ఓక్ పీపాల్లోకి ఎక్కిస్తారు. చట్టం ప్రకారం అది అక్కడ కనీసం 3 సంవత్సరాలు ఉండాలి. పీపా నుంచి తీసిన తర్వాత నీళ్లు కలిపి, 40 నుంచి 46 శాతం వరకు దించి సీసాల్లో పోస్తారు. పీపా గాఢతతోనే అమ్మే రకాలూ ఉన్నాయి గాని, అవి మొత్తం అమ్మకాల్లో కొద్ది భాగమే. స్కాచ్ నిబంధనలు చివర్లో కలపడానికి అనుమతించేవి రెండే: నీళ్లు, రంగు కోసం సాదా క్యారమెల్. అంటే, నీట్‌గా తాగుతున్నానని మీసం మెలేసే పెద్దమనిషి గ్లాసులోనూ నీళ్లు ఉన్నాయి; కాకపోతే వాటిని కలిపింది ఆయన కాదు, తయారీదారు. పీపాల నమూనాలను వాసన చూసి ఏది దేనితో కలపాలో నిర్ణయించే బ్లెండర్లు కూడా వాటిని 20 శాతం దాకా పలచన చేసుకునే పరీక్షిస్తారు, ఎందుకంటే ఆల్కహాల్ ఘాటు ముక్కును మొద్దుబారిస్తే మిగతా సువాసనలు పట్టుబడవు.

ఈ సంగతికి రసాయనశాస్త్రం వైపు నుంచి కూడా కొంత ఆధారం ఉంది. స్వీడన్‌లోని లినీయస్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్యోర్న్ కార్ల్‌సన్, రాన్ ఫ్రీడ్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2017లో కంప్యూటర్ నమూనాల సాయంతో, విస్కీకి పొగ వాసననిచ్చే గ్వయకాల్ అనే పదార్థం ఎలా ప్రవర్తిస్తుందో పరిశీలించారు. ఆల్కహాల్ 45 శాతం లోపు ఉన్నప్పుడు గ్వయకాల్ అణువులు ద్రవం పైభాగానికి చేరి గాలికి దగ్గరగా ఉంటాయనీ, 59 శాతం దాటితే ఆల్కహాల్ అణువులు వాటిని చుట్టుముట్టి లోపలికి లాగేస్తాయనీ వారు తేల్చారు. అది కంప్యూటర్‌లో చేసిన లెక్కే తప్ప నాలుక మీద చేసిన పరీక్ష కాదు, పైగా విస్కీలో గ్వయకాల్ ఒక్కటే ఉండదు. అయినా, నాలుగు చుక్కల నీళ్లు పడగానే పరిమళం విచ్చుకుంటుందని తరతరాలుగా తాగేవారు చెబుతున్న అనుభవానికి అది చక్కగా సరిపోతుంది. నీళ్లు పోయగానే కొన్ని విస్కీలు కాస్త మసకబారడం చూసి కల్తీ అనుకునేవారున్నారు. అది కల్తీ కాదు. ఆల్కహాల్‌లో కరిగి ఉన్న కొవ్వు ఆమ్లాల ఎస్టర్లు అనే పదార్థాలు నీటిలో ఇమడలేక బయటపడటం మాత్రమే. ఆ మసక కనిపించకుండా చాలా కంపెనీలు విస్కీని చల్లబరిచి వడకడతాయి. ఆ వడపోతలో పరిమళం కూడా కొంత పోతుందన్నది దాన్ని ఇష్టపడనివారి ఫిర్యాదు.

నీట్‌గా తాగడమే నాగరికత అన్న అభిప్రాయం వయసు కూడా చాలా చిన్నది. ప్రాచీన గ్రీకులు ద్రాక్షసారాయిలో నీళ్లు కలపడానికి ప్రత్యేకంగా పెద్ద పాత్రలు వాడేవారు, కలపకుండా తాగేవాణ్ని అనాగరికుడిగా చూసేవారు. బ్రిటిష్ నౌకాదళంలో అడ్మిరల్ ఎడ్వర్డ్ వెర్నన్ 1740లో నావికుల రమ్ములో ఒకటికి నాలుగు వంతుల నీళ్లు కలిపి ఇవ్వాలని ఆజ్ఞాపించాడు. అది రుచి కోసం కాదు, మత్తులో జరుగుతున్న ప్రమాదాలను తగ్గించడం కోసం. నౌకాదళంలో ఆ రమ్ము పంపకం 1970 జులై 31న గాని ఆగిపోలేదు.

ఇక నీళ్లు లేకపోతే సగం అందం పోయే పానీయాలూ ఉన్నాయి. గ్రీకుల ఊజో, తుర్కుల రాకీ, ఫ్రెంచివారి పాస్తిస్ మూడింటికీ సోంపు లాంటి వాసననిచ్చే నూనే ప్రాణం. బలమైన ఆల్కహాల్‌లో కరిగి, కంటికి కనబడకుండా ఉండే ఆ నూనె, నీళ్లు పోయగానే సన్నని బిందువులుగా విడిపోయి గ్లాసంతా పాలలా తెల్లబడుతుంది. వీటిని ఎవరైనా నీట్‌గా తాగి గొప్ప చెప్పుకుంటే, ఆ దేశాలవారు మర్యాద కొద్దీ నవ్వు ఆపుకోవలసి ఉంటుంది.

నా దృష్టిలో నీళ్ల కంటే ఎక్కువ చర్చించవలసిన విషయం చల్లదనం, మీ వ్యాసంలో దానికి ఒక్క వాక్యమే దక్కింది. సువాసనలు గాలిలోకి లేవడానికి కొంత వెచ్చదనం కావాలి. మరీ చల్లబరిస్తే అవి అణగిపోతాయి, తీపి తగ్గినట్టు, చేదు, వగరు హెచ్చినట్టు అనిపిస్తాయి. రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలన్న సూత్రం, చలిదేశాల పాతకాలపు ఇళ్లలో గదులు 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉన్న రోజుల్లో పుట్టింది. దాన్ని అక్షరాలా పాటించి 32 డిగ్రీల గదిలో వైన్ పోస్తే ఆల్కహాల్ ఘాటు తప్ప మరేమీ తెలియదు కాబట్టి, వేడి ప్రాంతాల్లో రెడ్ వైన్‌ను కాసేపు ఫ్రిజ్‌లో ఉంచడమే ఆ సూత్రం అసలు ఉద్దేశాన్ని గౌరవించడం. వైట్ వైన్‌కు 8 నుంచి 12 డిగ్రీలు, బుడగలు పొంగే వైన్లకు అంతకంటే కొద్దిగా తక్కువ బాగుంటాయి. బీరు సంగతీ ఇంతే. తేలికపాటి లాగర్లు చల్లగానే హాయి. కానీ ఇంగ్లండులో పీపాలోనే పక్వమయ్యే ఎయిల్ రకాలను 11 నుంచి 13 డిగ్రీల దగ్గర పోస్తారు, గడ్డకట్టేంత చల్లగా ఇస్తే వాటిలోని మాల్టు (మొలకెత్తిన బార్లీ), హాప్స్ పూల పరిమళం దొరకదు. జపానువారు బియ్యంతో చేసే సాకే విషయంలో ఈ విచక్షణ మరీ నిశితం: సున్నితమైన పూల, పండ్ల వాసన ఉన్న రకాలను చల్లగా, ధాన్యపు రుచి బలంగా ఉన్న రకాలను వెచ్చబెట్టి తాగుతారు. ఐసు వేసుకోవాలనుకునేవారికి ఒక చిన్న కిటుకు ఉంది. చిన్న ముక్కలు నాలుగు వేసేకంటే పెద్ద ముక్క ఒకటి వేస్తే, పరిమాణంతో పోలిస్తే ఉపరితలం తక్కువ కాబట్టి నెమ్మదిగా కరుగుతుంది, పానీయం తొందరగా నీరుగారదు.

వ్యాస రచయితతో నేను పూర్తిగా ఏకీభవించే చోటు టెకీలా. ఉప్పు నాకి, ఒక్క గుటకలో మింగి, నిమ్మచెక్క కొరకడం నాసిరకం సరుకు రుచిని దాచడానికి పనికివస్తుంది గాని, పక్వానికి రావడానికే ఏళ్లు పట్టే నీలి అగావే అనే మొక్క నుంచి మాత్రమే తీసిన మంచి టెకీలాకు అది అన్యాయం. సీసా మీద నూరు శాతం అగావే అని ఉందో లేదో చూసుకోవాలి. ఆ మాట లేకపోతే అందులో 49 శాతం దాకా వేరే చక్కెరలు ఉండవచ్చు. జిన్నును టానిక్‌తో కలపడాన్ని రచయిత చిన్నచూపు చూశారు గాని, టానిక్‌లోని క్వినీన్ చేదు, జిన్నులోని జూనిపర్ కాయల వాసన ఒకదానికొకటి అమరినంతగా అమరే జోడీలు తక్కువ.

అంత పెద్ద వ్యాసంలో ఎక్కడా మోతాదు ప్రస్తావన లేకపోవడం నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది. 5 శాతం బీరు 360 మిల్లీలీటర్లు, 12 శాతం వైన్ 150 మిల్లీలీటర్లు, 40 శాతం విస్కీ 45 మిల్లీలీటర్లు — ఈ మూడింటిలోనూ ఉండే శుద్ధ ఆల్కహాల్ సరిగ్గా 18 మిల్లీలీటర్లే, అంటే దాదాపు 14 గ్రాములు. బీరు తేలిక, విస్కీ బలం అన్న మాట గ్లాసు పరిమాణం చెప్పకపోతే అర్థం లేనిది. ఆ 14 గ్రాములను వదిలించుకోవడానికి సగటు శరీరానికి గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది, నీట్‌గా తాగినా సోడాతో తాగినా కాలేయం పని వేగం మారదు. నీళ్లు కలిపి నెమ్మదిగా తాగేవారికి కలిసొచ్చేదల్లా, అదే గంటలో చేతికి వచ్చే గ్లాసులు తగ్గడం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం మద్యపానీయాలను 1988లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో, హాని లేని మోతాదంటూ ఏదీ లేదని ప్రకటించింది. తాగనివారిని తాగమనడానికి నేను ఇదంతా రాయలేదు. తాగేవారు తమ గ్లాసులో ఏముందో తెలుసుకుని తాగాలన్నదే నా కోరిక.

అందువల్ల ఇకముందు మీ అనుబంధంలో ఏ మద్యపానీయం గురించి రాసినా, బొమ్మ పక్కన దాని ఆల్కహాల్ శాతాన్నీ, వడ్డించే పరిమాణాన్నీ, అందులోని శుద్ధ ఆల్కహాల్ గ్రాముల్నీ ఒక వరుసలో ముద్రించవలసిందిగా మనవి చేస్తున్నాను. గుణకారం ఒక్కటి వస్తే చాలు, ఈ లెక్క కట్టడానికి నిపుణులు అక్కర్లేదు. విస్కీలో నీళ్ల గురించి రాసిన వాక్యాన్ని సవరిస్తారో లేదో మీ ఇష్టానికే వదిలేస్తున్నాను.

భవదీయుడు,
మీ పాఠకుడు