పిన్ని రూము ఇప్పుడే ఖాళీ చేయించకు

అమలాపురం

ఒరేయ్,

నీ మెసేజ్ పొద్దున్నే చూశాను. ఫోన్‌లో అయితే సగం మాటలు హడావిడిలో పోతాయి, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా, న్యూజెర్సీలో అక్కకి కూడా పంపించు. పిన్నికి తుంటి ఆపరేషన్ బాగా జరిగిందన్నారు కదా, ముందు ఆ టెన్షన్ తీరింది. ఇక పిన్ని ఉండే వృద్ధుల హోమ్ వాళ్ల బిల్లు సంగతి. మనిషి రాజమండ్రి ఆసుపత్రిలో ఉంటే కొవ్వూరులో తాళం వేసిన రూముకి నెలకి 24 వేలు ఎందుకు కట్టాలి, ఖాళీ చేసేస్తే పోలా అని రాశావే, అది చదివితే నా మనసు చివుక్కుమంది. వద్దురా. పిన్ని మళ్లీ అక్కడ ఉండగలదో లేదో డాక్టర్ తేల్చి చెప్పేదాకా ఆ మాటే ఎత్తకు.

రూము అద్దె కట్టడం న్యాయమే. చేను బీడు పెట్టినా కౌలు కౌలే కదా, మన వైపు వాళ్లకి ఇది వేరే చెప్పాలా. పిన్ని సామాను లోపల ఉన్నంతకాలం వాళ్లు ఆ గది ఇంకొకరికి ఇవ్వలేరు. కానీ ఆ 24 వేలూ అద్దె కాదురా. నువ్వు పంపిన బిల్లు ఫోటో పెద్దది చేసి చూశాను. పైన రూము 13 వేలు, దాని కింద మెస్ 6 వేలు, అట్టడుగున సన్న అక్షరాల్లో కేర్ ఛార్జీలు 5 వేలు. పిన్ని ఆసుపత్రి మంచం మీద ఉంటే హోమ్‌లో ఇడ్లీ ఎవరికి పెట్టారు, బీపీ ఎవరికి చూశారు? ఆసుపత్రిలో ఆయాకి రోజుకూలీ, క్యాంటీన్ ఖర్చు నువ్వే పెట్టుకుంటున్నావు కదా, మళ్లీ హోమ్‌కి అదే సేవకి కట్టడం ఏమిటి? రూము డబ్బు పూర్తిగా కట్టు, మిగతా రెండూ ఆసుపత్రిలో చేర్చిన తేదీ నుంచి తగ్గించమని అడుగు. మర్యాదగానే అడుగు, కానీ వదలకు.

నాన్నగారికి పక్షవాతం వచ్చినప్పుడు నేను ఇదే చేశాను. ఆయన ఉన్న హోమ్ మేనేజర్ ఫోన్‌లో "చూద్దాం లెండి సార్" అన్నాడు, తర్వాతి నెల బిల్లు చూస్తే పైసా తగ్గలేదు. అప్పుడు అడ్మిషన్ చీటీ జెరాక్స్ జతచేసి, ఫలానా తేదీ నుంచి మెస్, కేర్ ఆపండి, రూము మాత్రం మాదే అని కాగితం మీద రాసి, ముట్టినట్టు సంతకం పెట్టించుకున్నాను. దాంతో మెస్ మొత్తం తీసేశారు, కేర్ సగం చేశారు. సిబ్బంది జీతాలు ఆగవు కదండీ అన్నారు, అది నాకూ సబబే అనిపించింది. నువ్వూ ఏదడిగినా రాతలోనే అడుగు, వాట్సాప్ అయినా సరే.

ముందు అగ్రిమెంట్ తీసి చదువు. కేంద్రం 2019లో రిటైర్మెంట్ హోమ్‌లకి నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది గానీ అవి నమూనాలే, కాబట్టి చివరికి నిలబడేది మీరూ హోమ్ వాళ్లూ సంతకం పెట్టిన కాగితమే. నివాసి ఆసుపత్రిలో ఉంటే లెక్క ఎలా, ఎన్నాళ్లు రూము అట్టే పెడతారు, ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, డిపాజిట్‌లో ఏం కోస్తారు, ఇవి వెతుకు. రెండు నెలల నోటీసు అని ఉందనుకో, ఈలోపు పిన్ని ఎలాగూ కర్ర పట్టుకుని నడిచేస్తుంది, ఖాళీ చేసి నువ్వు మిగుల్చుకునేది ఏముంది? సామాను లారీ కిరాయి, మళ్లీ కొత్త డిపాజిట్ అదనం. వాళ్లు మరీ మొండికేస్తే పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567 ఉంది, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అంతదాకా రాదనే నా నమ్మకం.

అక్క అమెరికా పద్ధతి చెబుతుంటుంది కదా, అక్కడా ఇంతే. ఆసుపత్రిలో కనీసం మూడు రోజులు ఇన్‌పేషెంట్‌గా ఉండి, ఆపైన కోలుకోవడానికి రిహాబ్ నర్సింగ్ కేంద్రానికి వెళ్తే మెడికేర్ (పెద్దవాళ్లకి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) మొదటి 20 రోజులు పూర్తిగా, ఆ తర్వాత 100వ రోజు వరకు కొంత భాగం భరిస్తుంది. అంతేగానీ అసిస్టెడ్ లివింగ్‌లో, అంటే పిన్ని ఉండే హోమ్ లాంటి చోట, ఉన్న రూము అద్దెకి మెడికేర్ పైసా ఇవ్వదు, అది ఇంటివాళ్లే కట్టుకోవాలి. మన దగ్గర హెల్త్ ఇన్సూరెన్స్ కూడా హోమ్ అద్దె ఇవ్వదు. కానీ డిశ్చార్జ్ తర్వాత ఖర్చులని ఒక క్లాజు చాలా పాలసీల్లో ఉంటుంది, డాక్టర్ రాసిచ్చిన ఫిజియోథెరపీ అందులో వస్తుందేమో అడుగు, బిల్లులన్నీ దాచు. పిన్నికి 70 దాటాయి కాబట్టి ఆయుష్మాన్ భారత్ కార్డు కూడా తీయించు. 2024 అక్టోబరు నుంచి ఆ వయసు వాళ్లకి ఆదాయంతో పని లేకుండా కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి ఖర్చు భరిస్తున్నారు. ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో మాత్రం ముందే కనుక్కో.

ఇంకోటి, డబ్బు కంటే ముఖ్యమైనది. నిన్న నేను ఆసుపత్రికి వెళ్తే పిన్ని నొప్పి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. "నా రూము ఎవరికైనా ఇచ్చేశారా నాయనా" అని అడిగింది, దిండు కింద నుంచి తాళంచెవి తీసి చూపించింది. పసుపు తాడు కట్టి ఉంది దానికి. ఆ వరండాలో తులసి కుండీకి పక్కగది మామ్మగారు నీళ్లు పోస్తున్నారట, అదీ చెప్పింది. నువ్వు ఇవాళే ఫోన్ చేసి "రూము నీదే అమ్మా, అద్దె కట్టేశాను" అని నీ నోటితో చెప్పు. ఆ ధైర్యం ఉంటే ఫిజియో పిల్ల చెప్పిన వ్యాయామాలు ఆవిడే చేస్తుంది.

డిశ్చార్జ్‌కి ముందే మేనేజర్ని ఒకసారి ఆసుపత్రికి రమ్మను. మేడ మీది గది ఇక కుదరదు, కింద గది మార్చమను, బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీలు, ఎత్తు కమోడ్ ఉండాలి. కేర్ ఛార్జీ పెంచుతామంటారు, ఎంత పెంచుతారో, దేనికి పెంచుతారో అప్పుడే రాయించు. ఒకవేళ డాక్టర్ ఇక రాత్రిళ్లు కూడా మనిషి ఉండాల్సిందే అంటే, అప్పుడు కూర్చుని వేరే చోటు గురించి మాట్లాడుకుందాం, నేనూ వస్తాను.

అగ్రిమెంట్ పేజీలన్నీ ఫోటోలు తీసి పెట్టు, వెనకవైపు కూడా. రాత్రికి చదివి, మేనేజర్‌కి ఇవ్వాల్సిన కాగితం నేనే రాసి పంపుతా. ఆదివారం మళ్లీ రాజమండ్రి వెళ్తున్నా, దారిలో ఆత్రేయపురం పూతరేకులు తీసుకెళ్తాను, బెల్లంవా పంచదారవా? పిన్నికి షుగర్ ఎంత ఉందో కనుక్కుని చెప్పు.

ఉంటాను రా.