కర్రీ పాయింట్ కవర్ల గురించి: మా మున్సిపల్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

సాయంత్రం ఏడింటికి మా వీధి చివర కర్రీ పాయింట్ దగ్గర ఒక్కసారి నిలబడి చూడండి. పొగలు కక్కే సాంబారును పల్చటి కవర్లో పోసి, మూతి మెలిపెట్టి, రబ్బరు బ్యాండు వేస్తారు. పప్పుకొకటి, వేపుడుకొకటి, పెరుగుకొకటి. అన్నీ పెట్టుకోవడానికి మరొకటి. ఇంటికెళ్లిన పది నిమిషాల్లో అవన్నీ చెత్తబుట్టలోకే. నూనె, పులుసు అంటిన ఆ కవర్లను పాత సామాన్ల వాళ్లు కూడా ముట్టుకోరు. మిగిలిన అన్నం మూటకట్టి పారేస్తే ఆవులు కవరుతో సహా మింగుతున్నాయి. చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీ బ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచే నిషేధం. అప్పుడప్పుడు దాడులు చేసి జరిమానా వేస్తున్నారు, మర్నాటికి మళ్లీ మామూలే. "మరి దేంట్లో పొయ్యమంటారు?" అని కొట్టాయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు మీరే ఇవ్వాలి.

తిరుమలలో గాజు సీసాకు డిపాజిట్ కట్టి నీళ్లు కొంటున్నాం, సీసా తిరిగిచ్చి డబ్బులు తీసుకుంటున్నాం. స్టీలు డబ్బాలతో ఇక్కడా అలాగే చేయించండి. క్యారేజీ తెచ్చుకున్నవాళ్లకు ధర కాస్త తగ్గించమని కొట్ల వాళ్లకు చెప్పండి. టిఫిన్‌కు లోపల ప్లాస్టిక్ పూత ఉన్న పేపరు ప్లేట్లు కాకుండా అడ్డాకు విస్తళ్లు పెట్టించండి, అవైతే ఎరువవుతాయి. అన్నట్టు, మేం వేరుచేసి ఇచ్చే తడి చెత్త, పొడి చెత్త బండిలో ఒకేచోట పడుతున్నాయి. ముందు అది ఆపించండి.

మీరు పిలిస్తే కొట్ల వాళ్లతో మాట్లాడటానికి నేనూ వస్తాను.

ఇట్లు,
మీ పట్టణ పౌరురాలు