జూన్‌లో మూడు వారాలు మా పిల్లలకు వదిలిపెట్టండి: విద్యాశాఖ ఉన్నతాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అయ్యా,

వరంగల్, హనుమకొండ, ములుగు వైపు పల్లె బడుల్లో మూడు నుంచి ఐదు తరగతులకు పరిసరాల విజ్ఞానం చెప్పే ఉపాధ్యాయులం రాస్తున్నాం. ఇదే విన్నపం అర్జీగా ఇచ్చాం. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో తీర్మానం రాయించాం. మళ్లీ అర్జీ ఇచ్చాం. ‘చూద్దాం’ అన్న మాటే తప్ప జవాబు కాగితం రాలేదు. అందుకే నలుగురూ చదివేలా రాయాల్సి వచ్చింది, మరోలా అనుకోకండి.

బడి తెరిచిన మొదటి మూడు వారాలు, రోజుకు ఒక్క పీరియడ్, పిల్లల్ని గది బయట ప్రకృతి పరిశీలనకు తీసుకుపోయే వీలు కల్పించండి. ఆ పీరియడ్‌లోకి వేరే పని రాకుండా చూడండి.

జూన్ 12న బడి తెరిచేసరికి మిరుగం (మృగశిర కార్తె) వచ్చి నాలుగైదు రోజులవుతుంది. మంచి వాన పడ్డ మరునాడు పొద్దున దుబ్బ (ఇసుక) నేలలో ఎర్రని ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. ఎండెక్కితే మట్టిలోకి పోతాయి. కొన్నాళ్లు పోతే ఆ ఏడాదికి ఇక కనబడవు. ఒకదాన్ని తెల్లకాగితం మీద పెట్టి కాళ్లు లెక్కపెట్టమంటే పిల్లలు ఎనిమిది అంటారు. పక్కనున్న చీమకు ఆరు. రెండూ పురుగులే కదా సార్, మరి తేడా ఎందుకని వాళ్లే అడుగుతారు. ఆరు కాళ్లుంటే కీటకమనీ, ఆరుద్ర పురుగు సాలెపురుగుకూ తేలుకూ చుట్టమనీ చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. చూశాక దాన్ని తీసినచోటే వదలమంటే వదిలేస్తారు కూడా. అదే పాఠాన్ని ఆగస్టులో బొమ్మ చూపించి చెబితే గైడు చూసి జవాబు రాసుకుంటారు, అంతే.

వేప పండ్లు రాలిపడేదీ ఈ రోజుల్లోనే. వేప గింజ నెలల తరబడి నిలవుండదు, వారాలు గడిచేకొద్దీ మొలకశక్తి పోతుంది. పండు గుజ్జు తీసి, కడిగి, నీడలో ఆరబెట్టి, వెంటనే వేలి గోరంత లోతులో నాటితేనే మొలక చూపించగలం. పాఠ్యప్రణాళికలో విత్తనాల పాఠం ఎప్పుడొస్తే అప్పుడు చెప్పుకోమంటారు. అప్పటికి మా దగ్గర ఉండేది మొలకెత్తని గింజ.

ఆ మూడు వారాలు ఎటు పోతున్నాయో కూడా చెప్పాలి. పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాట, ఇల్లిల్లూ తిరగడం, వాటి ఫొటోలు. పుస్తకాలు, యూనిఫాంలు అందిన లెక్క. బడుల లెక్కల కోసం ఆన్‌లైన్‌లో నింపే యూడైస్ వివరాలు, ఆధార్‌లో పేరు ఒకలా రిజిస్టర్‌లో ఇంకోలా ఉన్న పిల్లల సవరణలు. ఏడాది మొదట్లో పిల్లల స్థాయి చూసే బేస్‌లైన్ పరీక్ష, ఒక్కో పిల్లవాడి మార్కులు యాప్‌లో ఎక్కించడం. బడిబాట వద్దని మేం అనడం లేదు, పిల్లలు చేరకపోతే బడే ఉండదు. పరీక్ష వద్దనీ అనడం లేదు. కానీ మార్కులు జులైలో ఎక్కించినా అవే మార్కులు. ఆరుద్ర పురుగు జులై దాకా ఆగదు. ఇద్దరే ఉపాధ్యాయులున్న బడిలో ఒకరు సిగ్నల్ అందేచోట ఫోన్ పట్టుకొని నిలబడితే, మిగిలిన ఒక్కరు ఐదు తరగతులను గదిలో కూర్చోబెట్టడమే గగనం. ఇక బయటికి ఎలా తీసుకుపోతారు?

ఇంకో సంగతి మమ్మల్ని మరీ బాధపెడుతోంది. బడి తెరిచే ముందు శుభ్రత పేరుతో ఆవరణంతా ట్రాక్టర్ బ్లేడుతో చెక్కేస్తున్నారు, లేదంటే గడ్డి మందు కొట్టేస్తున్నారు. వయ్యారిభామ కలుపు మొక్కను పీకాల్సిందే, దాని పుప్పొడి పిల్లలకు పడదు. చేతులకు తొడుగులు వేసుకున్న పెద్దవాళ్లు పూత రాకముందే వేళ్లతో సహా పీకితే ఆ పని అయిపోతుంది. మందు కొడితే మాత్రం జిల్లేడు, గరిక, ఉత్తరేణి, వాటిమీద బతికే పురుగు, పుట్ర అన్నీ పోతాయి. ఒక మూలన పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు జాగాను ముట్టుకోకుండా వదిలేయమని అడుగుతున్నాం. కంచె కట్టేది మేమే, పాముల భయం లేకుండా చుట్టూ గడ్డి పొట్టిగా ఉంచేదీ మేమే.

ఆ మూలన ఒక నిమ్మ చెట్టో కరివేపాకు చెట్టో ఉంటే చాలు, నెల రోజుల పాఠం సిద్ధంగా ఉన్నట్టే. లేత ఆకు మీద ఆవగింజంత లేతపసుపు సీతాకోకచిలుక గుడ్డు ఉంటుంది. అందులోంచి వచ్చే గొంగళి మొదట్లో పిట్ట రెట్టలా కనిపిస్తుంది, పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి ఎర్రని రెండు కొమ్ముల్లాంటివి బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. తరగతి మొత్తం ఒక్కసారిగా వెనక్కి జరిగి, మళ్లీ ముందుకొస్తుంది. గాజు సీసాలో పెంచడమూ తేలికే. మూతకు బదులు పలచని గుడ్డ కట్టాలి. బిగుతు మూత పెడితే లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది. ఆకు కాడకు తడి దూది చుట్టాలి. విడిగా నీళ్లు పెడితే గొంగళి అందులో పడి చస్తుంది. పెంట రోజూ ఎత్తేయాలి. గొంగళి ప్యూపాగా మారేటప్పుడు పట్టుకోవడానికి పుల్ల ఏటవాలుగా, పైనుంచి కిందిదాకా ఉండాలి. సీతాకోకచిలుక బయటికొచ్చాక రెక్కలు వేలాడేంత చోటు లేకపోతే అవి ముడతపడి ఇక ఎగరలేదు. పత్తి చేను పక్కనున్న నిమ్మ ఆకు మాత్రం వాడకూడదు. మందు సోకిన ఆకు తిన్న పురుగు రాత్రికి రాత్రే పోతుంది, పిల్లలు పొద్దున్నే వచ్చి ఏడుస్తారు. బొంత పురుగును ఎవ్వరూ ముట్టుకోవద్దని మొదటిరోజే చెప్పాలి.

మొలకల పనిలోనూ ఒక ప్రమాదం ఉంది. జూన్‌లో ప్రతి ఇంట్లో పత్తి, మొక్కజొన్న విత్తన ప్యాకెట్లు ఉంటాయి. గింజలు తెమ్మంటే పిల్లలు అవే తెస్తారు. ఆ గింజలకు ఎర్రగానో నీలంగానో పట్టించింది విషపు మందు. వంటింటి పెసలు, కందులే తెమ్మని చెప్పాలి. గురివింద, ఆముదం, అడవి ఆముదం గింజలూ విషమే, వాటి జోలికి పోనివ్వకూడదు. ఇవన్నీ ఒక పేజీలో అచ్చువేసి ప్రతి బడికీ పంపితే ఎంతో మేలు. మేమే రాసిస్తామని కూడా అర్జీలో చెప్పాం.

వాన కొలిచే సీసా కూడా పిల్లలే చేస్తారు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా పైభాగం కోసి గరాటులా తలకిందులుగా పెట్టాలి. అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు వేసి, సీసా గోడ నిటారుగా మొదలయ్యేదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత గీయాలి. చూరు కిందో చెట్టు కిందో పెడితే లెక్క తప్పుతుంది. వాతావరణ శాఖ ఉదయం 8:30కి కొలుస్తుంది. మా పిల్లలు తొమ్మిదికి కొలిచినా రోజూ అదే వేళకు కొలవాలి.

ఇన్నిటికీ మేం అడిగే సామాను నలుగురికి ఒక భూతద్దం. బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకంలో ఎకో క్లబ్ (పర్యావరణ పనుల) పద్దు ఉంది.  ఆ డబ్బు ఏడాది చివర్లో చేరితే, ఖర్చుపెట్టిన రసీదులు వారంలో కావాలంటే, ఏదో ఒకటి కొని లెక్క చూపించడమే అవుతుంది. మే నెలాఖరుకు ఇప్పించండి, అందులోంచి భూతద్దాలు కొనుక్కోవచ్చని ఉత్తర్వులో స్పష్టంగా రాయించండి.

వానపడితే తేళ్లు, పాములు బయటికొస్తాయి, ఊరి చుట్టూ పూడ్చని బావులున్నాయి. కాబట్టి ఇరవై మంది పిల్లల్ని ఒక్కరే బయటికి తీసుకుపోవడం ఒప్పు కాదు. ఆ మూడు వారాలు ఇద్దరు ఉపాధ్యాయులూ బడిలోనే ఉండాలి. శిక్షణలు, సమావేశాలు, యాప్ పనులు జులై మొదటి వారం తర్వాతకు జరపండి. దయచేసి జరపండి. ఇది చెప్పీ చెప్పీ అలసిపోయాం.

ఉత్తర్వు జూన్ 12 తర్వాత వస్తే ఈ ఏడాదికి పనికిరాదు. అంతకు వారం ముందే మండలాలకు చేరేలా చూడమని వేడుకుంటున్నాం.

ఇట్లు,
ఓరుగల్లు ప్రాంత ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు కొందరు