ఫస్ట్ బేస్ దగ్గర ఎవరూ లేరు

న్యూజెర్సీ
31 అక్టోబర్ 2024

ఒరేయ్ మామా,

ముందుగా మీ ఇంటిల్లిపాదికీ దీపావళి శుభాకాంక్షలు. పొద్దున నువ్వు ఫోన్ చేస్తే ఎత్తలేదు, ఏమీ అనుకోకు. మీరు తలంట్లు పోసుకునే వేళకి ఇక్కడ ఇంకా బుధవారం రాత్రే. టీవీ ముందు నుంచి కదల్లేకపోయాను. ఆట ముగిసేసరికి అర్ధరాత్రి కావచ్చింది. ఆ తర్వాత పండగ మాటలు మాట్లాడే మనసు లేదు.

యాంకీస్, అదే మా న్యూయార్క్ బేస్‌బాల్ జట్టు, ఓడిపోయారు రా. 7-6. డాడ్జర్స్ చేతిలో, బ్రాంక్స్‌లో మా సొంత స్టేడియంలోనే. అమెరికా బేస్‌బాల్ ఫైనల్, వరల్డ్ సిరీస్, పోయింది.

నీకు బేస్‌బాల్ పెద్దగా పట్టదని తెలుసు. కానీ 2003 క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్ రోజు హాస్టల్ టీవీ గదిలో నా పక్కన కూర్చుంది నువ్వే కాబట్టి ఇది నీకే చెప్పుకోవాలి. ఆ రోజు జహీర్ మొదటి ఓవర్‌లోనే 15 పరుగులు పోయాయి, పాంటింగ్ 140 బాదాడు, ఆస్ట్రేలియా స్కోరు 359కి చేరింది. మనిద్దరం మెస్‌కి కూడా వెళ్లకుండా పడుకున్నాం. కానీ ఆ రోజు వాళ్లు మనల్ని ఓడించారు. నిన్న రాత్రి మమ్మల్ని ఎవరూ ఓడించలేదు, మేమే చేతిలో ఉన్నది ఇచ్చేశాం. అదే తట్టుకోలేకపోతున్నాను.

నేను ఇక్కడికొచ్చిన 2009లోనే యాంకీస్ ఛాంపియన్స్ అయ్యారు. అది వాళ్లకి 27వ టైటిల్. ఆ తర్వాత వరల్డ్ సిరీస్ దాకా రావడానికి ఇన్నేళ్లు పట్టింది. మా అమ్మాయికి పన్నెండేళ్లు, తను పుట్టాక ఇదే మొదటిసారి. పైగా ఎదురుగా డాడ్జర్స్. ఒకప్పుడు వాళ్లది కూడా న్యూయార్కే, బ్రూక్లిన్. 1957 సీజన్ అయ్యాక లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయారు. వరల్డ్ సిరీస్‌లో ఈ రెండు జట్లూ తలపడటం ఇది పన్నెండోసారి.

ముందు నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్లదే టైటిల్. మాకు మొదటి మూడూ పోయాయి. మొదటి దాంట్లో వాళ్ల ఫ్రెడ్డీ ఫ్రీమన్ చీలమండ బెణికిన కాలితోనే పదో ఇన్నింగ్‌లో గ్రాండ్ స్లామ్ (మూడు బేసుల్లోనూ, అంటే పరిగెత్తేవాళ్లు ఆగే చోట్ల, మనుషులుండగా కొట్టే హోమ్ రన్, ఒక్క దెబ్బకి నాలుగు పరుగులు) కొట్టి గెలిపించాడు. నాలుగోది మేం 11-4తో గెలిచాం. అందులో గ్రాండ్ స్లామ్ కొట్టిన ఆంథొనీ వోల్పీ మా న్యూజెర్సీ కుర్రాడే, చిన్నప్పటి నుంచీ యాంకీస్ అభిమాని. ఇక నిన్న ఐదోది. సిరీస్ అంతా బ్యాట్ తగలక అల్లాడిన మా ఆరన్ జడ్జ్ మొదటి ఇన్నింగ్‌లోనే హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టాడు. మా అమ్మాయి సోఫా మీదకెక్కి గెంతింది. వెంటనే చిజమ్, మూడో ఇన్నింగ్‌లో స్టాంటన్. 5-0. పిచర్ గెరిట్ కోల్ (మన బౌలర్ అనుకో) నాలుగు ఇన్నింగ్స్ దాకా ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. నాలుగో ఇన్నింగ్‌లో జడ్జ్ గోడ దగ్గర గాల్లోకి ఎగిరి ఫ్రీమన్ క్యాచ్ పట్టాడు. ఇంక ఆరో మ్యాచ్ గురించే మాట్లాడుకుంటున్నాం.

ఐదో ఇన్నింగ్. ఎంతో కష్టమైన ఆ క్యాచ్ పట్టిన జడ్జే, నేరుగా చేతుల్లోకొచ్చిన తేలిక బంతిని జారవిడిచాడు. తర్వాత వోల్పీ థర్డ్ బేస్‌కి విసిరిన బంతి నేలకి కొట్టుకుంది. మూడు బేసుల మీదా మనుషులు, ఒక్కరూ ఔట్ కాలేదు. అయినా కోల్ ఎంత గొప్పవాడంటే, వరసగా ఇద్దర్ని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతి ఆడనివ్వకుండానే ఔట్ చేశాడు. అందులో రెండోవాడు వాళ్ల స్టార్ ఒటానీ! ముగ్గురు ఔటైతే ఇన్నింగ్ అయిపోతుంది, ఇంకొక్క ఔట్ చాలు. గండం గట్టెక్కేసినట్టే.

వాళ్ల ముకీ బెట్స్ కొట్టిన బంతి మెల్లగా దొర్లుకుంటూ ఫస్ట్ బేస్ వైపు వెళ్లింది. అలాంటప్పుడు అక్కడి ఫీల్డర్ బంతి కోసం ముందుకొస్తే, పిచర్ పరిగెత్తి బేస్ మీద కాలు పెట్టి బంతి అందుకోవాలి, అప్పుడే కొట్టినవాడు ఔట్. పిల్లల జట్లకి కూడా నేర్పే పాఠం ఇది. మా ఫస్ట్ బేస్ ఫీల్డర్ రిజ్జో బంతి పట్టాడు. బేస్ దగ్గర ఎవరూ లేరు. కోల్ నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. చెయ్యెత్తి, నువ్వే వెళ్లు అన్నట్టు రిజ్జోకి బేస్ చూపించాడు. బెట్స్ మాత్రం ప్రాణం పెట్టి పరిగెత్తాడు.

క్యాచ్ వదిలినా, బంతి తప్పుగా విసిరినా లెక్కల్లో తప్పు అని రాస్తారు. ఇది తప్పుల్లోకి కూడా రాదు మామా, బెట్స్ కొట్టిన సింగిల్ అని రాస్తారు. బంతి మీదకి సరైన దారిలో వెళ్లలేదని కోల్ తర్వాత తనే ఒప్పుకున్నాడు. నాకు అతని మీద కోపం లేదు. ఆ ఖాళీ బేసే కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

ఆ బంతికి ఒక పరుగు వచ్చింది. ఆ తర్వాత ఫ్రీమన్ రెండు పరుగులు, టియోస్కర్ హెర్నాండెజ్ రెండు. 5-5. ఆరో ఇన్నింగ్‌లో మళ్లీ 6-5తో ముందుకెళ్లాం గానీ నాకప్పటికే ధైర్యం పోయింది. ఎనిమిదో ఇన్నింగ్‌లో వాళ్లు రెండు ఫ్లై బాల్స్‌తో (క్యాచ్ పట్టినా పరుగు వచ్చేలా ఎత్తుగా కొట్టినవి) రెండు పరుగులు తీసుకున్నారు. చివర్లో, సోమవారం మూడో మ్యాచ్‌లో వాళ్ల మొదటి పిచర్‌గా ఆడిన వాకర్ బ్యూలరే వచ్చి మా వాళ్లని ముగించేశాడు. ఐదు పరుగులు వెనకబడి, అదే మ్యాచ్‌తో టైటిల్ అందుకున్న జట్టు ఇదివరకు ఏదీ లేదట.

అమ్మాయి ఏడవలేదు. "కోల్ ఎందుకు పరిగెత్తలేదు నాన్నా?" అని రెండుసార్లు అడిగి పడుకుంది.

ఈ రోజు ఇక్కడ హాలోవీన్ కూడా. తను జడ్జ్ వేషం వేస్తానని నెల కిందటే చెప్పింది. పొద్దున వద్దంటుందేమో అనుకున్నాను. 99 నంబర్ చొక్కా తొడుక్కుని, కళ్ల కింద నల్లరంగు పూయమని నా ముందు మొహం పెట్టి నిలబడింది. పూశాను. నా చెయ్యి కొంచెం వణికింది.

ఇప్పుడు ప్రమిదలు పెట్టాలి, మీ చెల్లెలు పిలుస్తోంది. ఆదివారం నేనే ఫోన్ చేస్తాను. అమ్మగారి మోకాలు ఎలా ఉందో రాయి.

ఉంటాను రా.