పాత టాకీల పాటల పుస్తకాలు: కడప సేకర్తల సంఘం 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మనం కొన్నవి తక్కువ, రాసుకున్నవి ఎక్కువ. సభకు రాగానే "కొత్తగా ఏం దొరికాయి?" అని అడిగేవారికి ఈ మాట చప్పగా ఉంటుందని తెలుసు. కానీ మన బీరువాలోని పుస్తకాల్లో ఏది ఏ ఊరి నుంచి వచ్చింది, ఎవరి పెట్టెలో ఉండేది అని చెప్పగలిగిన పెద్దలు ఏటా తగ్గిపోతున్నారు. అందుకే కార్యవర్గం కొనుగోళ్లు దాదాపు ఆపేసి రిజిస్టరు పని పెట్టుకుంది.

కొత్తగా చేరినవారి కోసం నాలుగు మాటలు. మనం సేకరించేవి తొలినాటి టాకీల పాటల పుస్తకాలు. హాలు గేటు దగ్గర అణాకో రెండణాలకో అమ్మేవారు. రంగుల అట్ట, లోపల తారాగణం, కథ, ఆ తర్వాత పాటలు. కథను మంచి పట్టులో ఆపేసి "శేషం వెండితెరపై చూడుడు" అనడం చాలావాటిలో ఉన్న అలవాటు. అప్పటి రికార్డింగులో మాట స్పష్టంగా వినపడేది కాదు, సినిమాలో పాటలేమో లెక్కకు మించి ఉండేవి. జనానికి ఈ పుస్తకం నిజంగానే అక్కరకొచ్చేది. ఇప్పుడు మనకు ఇంకా ఎక్కువ అక్కరకొస్తోంది. ఆ కాలపు సినిమాలు చాలావాటికి ప్రింట్లు మిగల్లేదు, మిగిలింది ఈ కాగితమే.

రిజిస్టరులో ధరకు ఒక గడి, ప్రెస్సు పేరుకు ఒక గడి, ముద్రలకు ఒక గడి పెట్టాం. ధర గడి ఎందుకో ఒక్క ఉదాహరణ చెబుతాను. ఓ పాత పుస్తకాల వ్యాపారి 1930ల నాటి అసలు ప్రతి అంటూ ఒకటి తెచ్చాడు. అట్ట బాగుంది, కాగితం పండిపోయి ఉంది, అడిగిన ధర కూడా ఆ స్థాయిలోనే ఉంది. వెనక అట్ట మీద ధర మాత్రం నయా పైసల్లో వేసి ఉంది. దేశంలో నయా పైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న, "నయా" అన్న మాట తీసేసింది 1964 జూన్‌లో. అంటే అది సినిమా మళ్లీ విడుదలైనప్పుడు వేసిన పుస్తకం. అదీ దాచుకోదగ్గదే, కాకపోతే ఆ ధరకు కాదు. ధర అణాల్లో ఉంటే 1957కి ముందుది అనుకోవచ్చు. అప్పుడు చివరి పేజీ అడుగున ప్రెస్సు పేరు, ఊరు చూడాలి. 1867 నాటి చట్టం ప్రకారం అప్పట్లో అచ్చువేసిన ప్రతి పుస్తకం మీదా అవి ఉండాల్సిందే కాబట్టి, అవి లేని "అసలు ప్రతి" కనపడితే జేబులోంచి చెయ్యి తీయకండి.

ముద్రల గడి నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. కొన్ని పుస్తకాల మీద పంపిణీదారుల రబ్బరు స్టాంపులో "సీడెడ్" అని ఉంది. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కుంపిణీకి ధారాదత్తం చేశాక పడిన పేరది. 1928లో నంద్యాల ఆంధ్ర మహాసభల్లో రాయలసీమ అన్న పేరు పెట్టుకున్నా, సినిమా వ్యాపారంలో మనం ఇవాళ్టికీ సీడెడ్‌గానే ఉన్నాం. బళ్లారి స్టాంపులు కూడా మనవాటి మీద కనిపిస్తాయి. 1953 దాకా ఆ జిల్లా మద్రాసు రాష్ట్రంలో మనతోపాటే ఉంది మరి.

ఈ ఏడు కాస్త గొడవ కూడా జరిగింది. ప్రొద్దుటూరు సభ్యురాలు తన మేనమామ గారి పెట్టెలోంచి తెచ్చి ఇచ్చిన పుస్తకాల్లో పాటల పక్కన పెన్సిలుతో రాగాల పేర్లు, శ్రుతి గుర్తులు ఉన్నాయి. ఆయన నాటకాలకు హార్మోనియం వాయించేవారట. వాటిని రబ్బరుతో తుడిచేసి "శుభ్రం" చేద్దామని ఒకరిద్దరు అన్నారు. కార్యవర్గం ఒప్పుకోలేదు, నేనైతే గట్టిగానే వద్దన్నాను. సినిమా పాట మళ్లీ పల్లె నాటకంలోకి ఎలా వెళ్లిందో ఆ పెన్సిలు గీతలు చెబుతున్నాయి. మచ్చలేని ప్రతి కావాలంటే వేరేచోట వెతుక్కోవచ్చు.

చక్రాయపేట మండలంలోని సురభికి సభ్యులు వెళ్లివచ్చారు. 1885లో కీచక వధతో సురభి నాటకాలు మొదలైంది అక్కడే. తొలి తెలుగు టాకీ అయిన హెచ్.ఎం. రెడ్డి గారి భక్త ప్రహ్లాద సురభి వారు ఆడిన నాటకం నుంచే వచ్చింది, సురభి కమలాబాయి గారు అందులో లీలావతి. ఆ సినిమా పాటల పుస్తకం మన దగ్గర లేదు, ఈసారీ దొరకలేదు. ఆ సినిమా 1931 సెప్టెంబరు 15న విడుదలైందని చాలా ఏళ్లు అందరం రాసుకున్నాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ గారు సెన్సారు వివరాలు, నాటి పత్రికలు వెతికి, బొంబాయి కృష్ణా సినిమాలో 1932 ఫిబ్రవరి 6న విడుదలైందని తేల్చారు. పాత కాగితాల విలువ ఏమిటని ఇంట్లో ఎవరైనా అడిగితే ఈ సంగతి చెప్పండి.

తాడిపత్రిలో ఒక పూట ప్రదర్శన పెట్టాం. నటుడు బళ్లారి రాఘవ గారు, దర్శకుడు కె.వి. రెడ్డి గారు ఇద్దరూ ఆ ఊళ్లో పుట్టినవారే అన్న సంగతి వచ్చిన పిల్లల్లో చాలామందికి కొత్త. 1936లో ద్రౌపది కథతోనే రెండు సినిమాలు పోటీపడ్డాయి, రాఘవ గారు నటించినది ఓడిపోయింది. ఆ కథ చెబుతుంటే ఇప్పటి అభిమాన సంఘాల కుర్రాళ్లు కూడా ఆగి విన్నారు. వచ్చే ఏడాది పులివెందులలో పెట్టాలని ఉంది. దర్శకుడు బి.ఎన్. రెడ్డి గారు పుట్టిన కొత్తపల్లి అక్కడికి దగ్గరే, ఆయన తీసిన వాహినీ వారి వందేమాతరం, సుమంగళి, దేవత నాటి పుస్తకాలు ఎవరి దగ్గరున్నా ఆ రోజుకు అరువివ్వండి.

అమెరికాలో ఉంటున్న ఓ సభ్యుని అబ్బాయి అక్కడి స్టూడియోల పుస్తకాల ఫొటోలు పంపాడు. అవి ప్రేక్షకులకు కాదు, హాళ్ల యజమానులకు. రాబోయే ఏడాది సినిమాలను పెద్ద సైజులో, కళ్లు చెదిరే రంగుల్లో ప్రకటించేవారు. తీయబోయే సినిమాలను కూడా మూటగట్టి అమ్మే పద్ధతి అక్కడ ఉండేది. 1948లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తీయకముందే అమ్మేవారు కాబట్టి వాటిలో అసలు తీయని సినిమాలకూ ప్రకటనలు కనిపిస్తాయట. చూడ్డానికి బాగున్నాయి కానీ, వాటి కోసం సంఘం డబ్బు పెట్టడం నాకు ఇష్టం లేదు.

భద్రపరచడం గురించి క్లుప్తంగా. తుప్పుపట్టిన పిన్నులు తీసి నూలు దారంతో కుట్టిస్తున్నాం. లామినేషన్ మాత్రం ఎవరూ చేయించొద్దు, ఒకసారి చేస్తే వెనక్కి తీసుకోలేం. బీరువా గోడకు ఆనకుండా జరిపాం, చెదల భయం కొంత తగ్గింది.

స్కాన్లు వాట్సాప్‌లో పెట్టమని చాలామంది అడుగుతున్నారు. పాటల మీద హక్కు రచయిత మరణం తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. చందాల కేశవదాసు గారు 1956లో పోయారు కాబట్టి ఆయన పాటలకు ఇబ్బంది లేదు. సముద్రాల సీనియర్ గారు పోయింది 1968లో, అంటే 2028 చివరిదాకా ఆగాలి. అప్పటిదాకా మన గదికి వచ్చి చూసుకోవచ్చు, టీ సంఘం తరఫున.

ఆడిటైన లెక్కలు జతచేశాం, చందా పెంచడం లేదు. సభ ముందుకు వచ్చే తీర్మానం ఒక్కటే: అసలు ప్రతులను పుణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు ఇవ్వాలా, ఇక్కడే ఉంచాలా. అక్కడ చల్లటి గదులున్నాయి, మన దగ్గర మే నెల ఎండలున్నాయి. అయినా ఈ స్టాంపులు, ఈ పెన్సిలు రాతలు చదవగలిగినవాళ్లు ఇక్కడే ఉన్నారు కాబట్టి, రెండేసి ప్రతులున్నవి పంపి, ఒక్కటే ఉన్నవి ఉంచుకుందామని నా సూచన. ఒప్పుకోనివారు సభకు రాలేకపోతే అభిప్రాయం కాగితం మీద రాసి పంపండి. రిజిస్టరు ఆ రోజు బల్ల మీదే ఉంటుంది, దాతల ఇంటిపేర్లు తప్పుగా పడి ఉంటే అక్కడికక్కడే దిద్దించుకోండి.

కార్యదర్శి