పోచంపల్లి నుంచి బావకి

బావా,

నీ మెసేజ్‌లన్నీ చూశాను. జవాబివ్వలేదని తిట్టుకునే ఉంటావు, తిట్టుకో. నేను చేస్తే నువ్వు మీటింగులో ఉంటావు, నువ్వు చేస్తే నేను ప్యాకింగులో ఉంటాను. అయినా మన చీరల గురించి ఏం రాయాలో వదిన నేర్పిన సంగతి ఫోన్‌లో చెప్పేది కాదు. సగంలోనే "పాయింటుకు రారా" అంటావు, నాకు మూడ్ పోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను, నువ్వూ కూర్చునే చదువు.

ముందు ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తాను. అమ్మ మోకాళ్ళు పర్వాలేదు. వానలకి మగ్గం గుంటలో నీళ్ళు ఊరి అన్న పని ఆగింది, మళ్ళీ మొన్ననే మొదలుపెట్టాడు. చిన్నోడు సైకిల్ మీంచి పడ్డాడు, దెబ్బలేం లేవు. నీ స్కూటర్ ఇంకా మా షెడ్డులోనే ఉంది, దాని మీద కోళ్ళు పడుకుంటున్నాయి. అయిపోయింది. ఇక వదిన సంగతి.

పోయిన ఏడాది హైదరాబాద్‌లో ఒకాయనకి డబ్బిచ్చి మన దుకాణం గురించి రాయించానని చెప్పాను కదా? ఆ కాగితం నీకు పంపలేదు. అందులో ముందు 1951లో వినోబా భావే మన ఊరికి రావడం, వెదిరె రామచంద్రారెడ్డి గారు నూరెకరాలు ఇవ్వడం, భూదానం మొదలవడం ఉన్నాయి. తర్వాత 2005లో పోచంపల్లి ఇక్కత్‌కి, అంటే ముందే దారానికి రంగులద్ది నేసే మన బట్టకి, భౌగోళిక గుర్తింపు (జీఐ). ఆ తర్వాత 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ మన ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచుకోవడం. చివర్లో "తరతరాల వారసత్వం, నేటి మహిళ కోసం" అని ఒక లైను. అన్నీ నిజాలే బావా, నాకూ గర్వమే. కానీ ఆ కాగితం తీసుకెళ్ళి మన వీధిలో ఏ దుకాణానికి అతికించినా సరిగ్గా సరిపోతుంది. అందులో మా ఇల్లు లేదు. అన్న లేడు, వదిన లేదు. చదివిన మనిషికి మా చీర ఎందుకు కొనాలో తెలియదు, పోచంపల్లి చీర ఎందుకు కొనాలో తెలుస్తుంది. అంతవరకే.

అలాగని నా దగ్గర వేరే మాటలు ఉన్నాయా అంటే లేవు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటో పెట్టి కింద రంగు, ధర, "స్టాక్ కొద్దిగానే ఉంది" అని రాసేవాడిని. అందరూ అదే రాస్తారు.

ఇలా నడుస్తుండగా పుణెలో ఉండే ఒక మేడం ఎర్ర నూలు చీర తెప్పించుకున్నారు. మన తెలుగావిడే. చీర అందిన సాయంత్రమే ఫోటో పంపారు. పువ్వు అంచుని దగ్గర నుంచి తీసి, దాని చుట్టూ గీత గీసి, "డిజైన్ అంచులు మసకగా ఉన్నాయి, రంగు పాకింది, ఇది డ్యామేజ్ పీసు, డబ్బు వాపసు ఇవ్వండి" అని. నాకు టెన్షన్. పండక్కి ముందు ఇలాంటిది ఒకటి బయటికి పొక్కితే ఎలా ఉంటుందో నీకు తెలుసు. "చేనేతలో ఇలాంటి చిన్న తేడాలు సహజం, అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని టైప్ చేస్తున్నాను. వదిన వాకిట్లో చిటికీలు, అంటే రంగు అంటకుండా దారానికి వేసే కట్లు, కడుతోంది. ఏమైందని అడిగింది. చదివి వినిపించాను.

"చింతించుడెందుకు? తప్పేం జేసినం?" అంది.

అని ఫోన్ లాక్కుంది. వదిన ఫోన్ ఎలా పట్టుకుంటుందో తెలుసుగా, ప్రసాదం ప్లేటులా రెండు చేతుల్తో. మైకు గుర్తు నొక్కి పెట్టమని నాకు చెప్పి మొదలెట్టింది. ఆ మెసేజ్ ఎన్నిసార్లు విన్నానో, నోటికొచ్చేసింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"అక్కా, నేను పోచంపల్లికెల్లి మాట్లాడుతున్న. మీ చీరల ఆ పువ్వుకు చిటికీలు కట్టింది నేనే. అంచు మసకగ ఉందన్నరంట. ఉంటది అక్కా. మేం బట్ట నేసినంక పువ్వు వెయ్యం. నెయ్యకముందే దారానికి రంగేస్తం. రంగు అంటొద్దన్నకాడ సైకిల్ ట్యూబు రబ్బరు చుట్టి గట్టిగ కడతం. ఎంత గట్టిగ కట్టినా కట్టు కిందికి ఇంత రంగు పోతది. మళ్ల నేసేటప్పుడు ఒక పోగు ఇటు జరుగుతది, ఒక పోగు అటు జరుగుతది. మా ఆయన వేలితోని సరిజేసుకుంటనే నేస్తడు. గీత గీసినట్టు కావాల్నంటే అది అచ్చు కొట్టిన బట్ట. ఒక్క పని చెయ్యక్కా. చీర తిరగేసి చూడు. లోపలి దిక్కు గూడ పువ్వు గంతే ఎర్రగ ఉంటది. మీ ఇంట్ల వేరే ఇక్కత్ ఏదన్న ఉంటే అది గూడ తిరగేసి, రెండూ పక్కపక్కన పెట్టి చూడు. చూసినంక గూడ నచ్చలేదంటే వాపసు పంపు, పైసలిస్తం. కోపమేం లేదు."

పంపేసింది! నేను వద్దనేలోపే. చివర్లో మా కోడి కూత కూడా రికార్డయింది.

రెండు నీలం గీతలు పడ్డాయి. జవాబు లేదు. రాత్రి లేదు. పొద్దున లేదు. అన్న కోప్పడ్డాడు, కస్టమర్‌తో ఇంటి మాటలేంటని. వదిన మాత్రం మళ్ళీ చిటికీల దగ్గర కూర్చుంది, ఆ ఊసే ఎత్తలేదు. నాకు అన్నం సయించలేదు బావా, నిజంగా.

మర్నాడు మధ్యాహ్నం ఫోటో వచ్చింది. మంచం మీద రెండు చీరలు, రెండూ తిరగేసి పరిచి ఉన్నాయి. ఒకటి మాది, లోపలివైపు కూడా అంతే ఎరుపు. పక్కది ఆవిడ ఎప్పుడో ఇంకెక్కడో ఇక్కత్ అని నమ్మి కొన్నది. పైకి గీత గీసినట్టు పువ్వులు, వెనక్కి తిప్పితే వెలిసిపోయినట్టు తెల్లగా ఉంది. ఫోటో కింద ఆవిడ రాసింది ఒక్కటే: "మీ వదినగారితో మాట్లాడొచ్చా?"

మాట్లాడారు. అరగంట పైనే. నేను పక్కనే ఉండి విన్నాను. ఆవిడ అడుగుతూనే ఉన్నారు, ఈమె చెప్తూనే ఉంది. మొదట ఏ రంగు అద్దుతారు, కట్టు ఎప్పుడు విప్పుతారు, పువ్వు ఎక్కడ రావాలో దారానికి ఎలా తెలుస్తుంది... అంతా అయ్యాక ఆవిడ అన్న మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. "ఇదంతా చీరతో పాటే ఎందుకు చెప్పరు మీరు?"

ఎందుకు చెప్పలేదంటే చెప్పదగ్గ సంగతి అని ఇంట్లో ఎవరూ అనుకోలేదు. రోజూ చేసే పనేగా. నేను పుట్టినప్పటి నుంచీ ఇంట్లో ఆసు (నేతకి ముందు దారాన్ని మేకుల చుట్టూ పోసే పని) చప్పుడు ఉంది, దాని గురించి ఎవరికైనా చెప్పాలని నాకు మాత్రం ఎందుకు తోస్తుంది?

ఇక ఆ రాత్రి నుంచి కూర్చున్నాం. వదిన చెప్తుంటే నేను రాయడం, చదివి వినిపిస్తే ఆమె కొట్టేయడం. బావా, ఆమె కొట్టేసినవి చూడాలి నువ్వు! "అద్భుతమైన" కొట్టేసింది. "మీ అందానికి" కొట్టేసింది. ఒకచోట "సహజ రంగులతో" అని ఉంటే, "అబద్ధమెందుకు, మనయి కెమికల్ రంగులే గద" అంది. మరి కొనేవాళ్ళు వెనక్కి తగ్గరా అన్నాను. "ఉతికినంక తెలిస్తే ఇంకెప్పుడన్న వస్తరా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆసు దగ్గర ఇంకా పెద్ద చర్చ. చేత్తో ఆసు పోస్తామని రాస్తే బాగుంటుందని నా ఆశ. ఇప్పుడు మా ఇంట్లో ఆసు మిషను మీదే కదా. వదిన ఊరుకోలేదు. మా అమ్మ చేత్తో పోసే రోజులు నీకు గుర్తున్నాయి, ఒక్క చీరకి నాలుగైదు గంటలు, దారం పట్టుకుని చెయ్యి వేలసార్లు మేకుల చుట్టూ అటూ ఇటూ తిరగాలి. రాత్రి భుజానికి కాపడం. ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం గారు వాళ్ళమ్మ పడే అదే బాధ చూడలేకే కదా ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999లో మిషను తయారుచేసి, ఆమె పేరే పెట్టారు, లక్ష్మి అని. 2017లో పద్మశ్రీ వచ్చింది కూడా. "గా మిషనొచ్చి అత్తమ్మ భుజం నిలబడ్డది. దాన్ని దాస్తవా?" అని అడిగింది వదిన. దాచలేదు. చీరతో పెట్టే కాగితంలో మిషను సంగతి రెండో వాక్యంలోనే ఉంది.

కాగితం ఇదిగో, ఇది కూడా ఉన్నదున్నట్టు:

"ఈ చీరకు చిటికీలు మా వాకిట్ల కట్టినం. ఆసు మిషను మీద పోసినం, దానితోని మా అత్తమ్మకు భుజం నొప్పి తప్పింది. రంగులు కెమికల్ రంగులే, మొదటిసారి విడిగ ఉతుకుండ్రి. గుంట మగ్గం మీద నేసింది మా ఆయన. పువ్వు అంచు మసకగ ఉంటది, రెండు దిక్కుల ఒక్కతీరుగ ఉంటది. తిరగేసి చూసుకోండ్రి."

అంతే. కింద దుకాణం పేరు, ఫోన్ నంబరు. ఇప్పుడు చెప్పు, ఇది ఇంకో దుకాణానికి అతికించగలవా? ఎదురింటాయన కూడా ఇవే పనులు చేస్తాడు, కానీ ఇలా మాట్లాడడు. నాకు అర్థమైంది అదే. కథ చెప్పడం అంటే ఊరి చరిత్ర చెప్పడం అనుకుంటున్నారు అందరూ. కొనేవాళ్ళకి ఒక మనిషి గొంతు వినపడాలి. ఆ మనిషి ఏది ఒప్పుకుంటుందో, ఏ మాట నోటికి రానివ్వదో తెలియాలి. నువ్వు ఆమధ్య పేపర్ బోట్ జ్యూస్ వాళ్ళ ప్యాకెట్లు చూపించి "ఇలా రాయి" అన్నావు. బాగా రాస్తారు, కాదనను. ఆమ్ పన్నా తాగేవాడికి వాడి చిన్నతనం గుర్తుచేస్తారు. కానీ మా చీర కొనే పుణె మేడంకి పోచంపల్లి జ్ఞాపకం ఎక్కడిది? ఆమెకి తెలియని వాకిలిని మేం చూపించాలి. రెండూ వేరు కదా?

అన్న ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, అది కూడా రాయాలి. వాడి బాధ వేరే. కెమెరాలు పట్టుకుని వచ్చేవాళ్ళందరూ అప్పులెంత, ఆకలెంత అనే అడుగుతారు. నవ్వుతూ ఉంటే ఫోటో తీయరు. "మన కష్టం చూపించి అమ్ముకునుడు నాకొద్దు" అన్నాడు. వాడు ఆ మాట అన్నప్పుడు నాకు గొంతు పట్టేసింది. కష్టం లేదని కాదు, అచ్చు బట్ట సగం ధరకి దొరుకుతుంటే ఎవరికి లేదు? కానీ వాడు మగ్గం మీద కూర్చున్నప్పుడు చూశావుగా, రాజులా ఉంటాడు. జాలితో కొన్న చీర ఒక్కసారే కొంటారని వదిన కూడా అంది. అందుకే ఆ రోజే తేల్చుకున్నాం: "ఆదుకోండి", "బతికించండి" అనే మాటలు మా కాగితాల్లో ఎప్పటికీ ఉండవు. పని గురించే ఉంటుంది.

చిలకల చీర సంగతి చెప్పడం మర్చిపోయేవాణ్ణి! ఆ డిజైన్ వదిన వాళ్ళ నాన్న గ్రాఫ్ కాగితం మీద వేసింది. ముక్కు దగ్గరికొచ్చేసరికి గళ్ళు అయిపోయాయట. అందుకే మా చిలకకి ముక్కు పొట్టి. ఇన్నాళ్ళూ ఎవరైనా అడుగుతారేమోనని ఆ చీర మడతలో ముక్కు లోపలికి పెట్టేవాళ్ళం. ఇప్పుడు ఆ ముచ్చట రాసి, ముక్కు పైకి కనపడేలా ఫోటో పెట్టాను. "పొట్టి ముక్కు చిలక ఉందా" అని ఫోన్లు వస్తున్నాయి బావా! ఆ పడుగు (మగ్గానికి ఎక్కించే నిలువు దారాలు) మీద ఏడెనిమిది చీరలే వస్తాయి, అయిపోతే మళ్ళీ పడుగు చేసి, చిటికీలు కట్టి, రంగులద్ది... అది చెప్తే కూడా ఆగుతామంటున్నారు. తొందరపెట్టేవాళ్ళు తగ్గారు, ఇది నేను అనుకోలేదు. పని ఎంతుందో తెలిసిన మనిషి తొందరపెట్టడేమో. వదిన వాళ్ళ నాన్న ఉంటే ఎంత

సరే, అది వద్దులే, ఆమె ఇటే వస్తోంది.

నీతో ఒక పని ఉంది. ఈ కాగితం ఇంగ్లీషులో కావాలి, బెంగళూరు, చెన్నై వాళ్ళకి. నువ్వే చెయ్యాలి, ఇంకెవరికీ ఇవ్వను. వదిన మాట్లాడుతున్నట్టే ఉండాలి, పొట్టి వాక్యాలు. నీ ఆఫీసు భాష ఒక్క ముక్క దొర్లినా ఆమెకి చదివి వినిపిస్తాను, కొట్టేస్తుంది. ముఖ్యంగా భుజం నొప్పి వాక్యం తీసేయకు. ఆ ఎర్ర చీర సంగతి తర్వాత ఏమైందంటావేమో, పుణె మేడం ఉంచుకున్నారు, తెల్ల వెనకది మాత్రం

కొరియర్ అబ్బాయి వచ్చి హారన్ కొడుతున్నాడు, ఇంకా చిరునామాలు అతికించలేదు. మిగతాది మళ్ళీ రాస్తాను. కాగితం ఆదివారంలోపు పంపు. స్కూటర్ తీసుకెళ్ళు.

నీ
బావ